అదారీ ఊట, దూరపు పొలం
(బహ్రెయిన్ పురపాలక సంఘాలూ, మన కూరగాయల సంచీ)

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవైపు సామెత. బహ్రెయిన్ వాళ్ళకు కూడా ఇంచుమించు ఇలాంటి మాటే ఒకటి ఉన్నది. అయినవాళ్ళను వదిలేసి పరాయివాళ్ళకు పెట్టేవాణ్ణి చూసి, "వీడు అదారీ ఊటలాంటివాడు, దూరపు పొలానికి నీరిస్తాడు, దగ్గరి పొలాన్ని ఎండగడతాడు" అని ఎత్తిపొడుస్తారు. అదారీ అనేది మనామా పొలిమేరల్లో ఉండిన పెద్ద మంచినీటి ఊట. దాని నీరు కాలువలు పట్టి ఎక్కడో ఉన్న ఖర్జూరపు తోటలకు పోయేది. పక్కనున్న నేలకు మాత్రం అందేది కాదు. సామెత అలా పుట్టింది.

ఇప్పుడు ఆ ఊట తనంతట తాను ఉబకడం లేదు. దాని పేరు మీద పిల్లల వినోదపు పార్కు ఉన్నది. ఊట పోయినా సామెత పోలేదు. వారం వారం మనం మనామా సెంట్రల్ మార్కెట్టుకు సంచీ పట్టుకుపోయినప్పుడు ఆ సామెత తిరగబడి మన కళ్ళెదుటే కనిపిస్తుంది. ఉల్లిపాయ భారతదేశానిది, టమాటా సౌదీదో జోర్డానుదో, నారింజ ఈజిప్టుది. దూరపు పొలాలన్నీ మనకు పెడుతున్నాయి. దగ్గరి పొలం ఏమైనట్లు? ఒకప్పుడు ఊటలతో, తోటలతో పేరుపడిన ఈ దీవిలో స్థానికంగా పండిన తాజా తిండి అపురూపం ఎందుకయింది? దాన్ని సామాన్యుడికి అందించడంలో పురపాలక సంఘం చేసిందేమిటి, చేయగలిగేదేమిటి? ఈ సంగతులు కొంత చరిత్ర తిరగేసి చూద్దామని మా ప్రయత్నం.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. పూర్వం బహ్రెయిన్ తన తిండి తానే పండించుకునేదని అనుకుంటే పొరపాటు. ఇక్కడ వరి పండదు. బియ్యం మన దేశం నుంచే ఓడల మీద వచ్చేది. తరతరాలుగా ఇక్కడివాళ్ళ కంచంలో అన్నం మనది, దాని పక్కనున్నవి మాత్రం వాళ్ళవి. ఖర్జూరం, చేప, ఆకుకూర, నిమ్మకాయ, పాలు, ఈ అయిదూ దీవి సొంత సొత్తు. ముత్యాల కోసం నీళ్ళలో మునిగేవాళ్ళ ఇష్టమైన వంట 'ముహమ్మర్' అనే తీపి అన్నం. ఖర్జూరపు పాకంతో వండి, 'సాఫీ' అనే చేప వేపుడుతో తింటారు. ఒక్క ఆ వంటకం చాలు, ఊరి తిండి అంటే ఏమిటో తెలియడానికి. బయటి గింజకు ఊరి ఖర్జూరం, ఊరి చేప తోడై ఒక సొంత రుచి ఏర్పడింది.

దీవి ఉత్తరపు అంచున, పడమటి అంచున సన్నని పచ్చని పట్టీలాగా తోటలుండేవి. పైన ఖర్జూరం, దాని నీడన దానిమ్మ, నిమ్మ, అంజీర. అడుగున పశువులకు గడ్డి, మనుషులకు ముల్లంగి, కొత్తిమీర, ఆకుకూరలు. ఒకే నీటి తడితో మూడంతస్తుల పంట. కోనసీమలో కొబ్బరి కింద అరటి, అరటి కింద కంద పెట్టే పద్ధతి తెలిసినవాళ్ళకు ఇది వింతగా తోచదు. తీరం వెంబడి లోతులేని నీళ్ళలో 'హద్రా' అనే దడి కట్టేవారు. పోటులో వచ్చిన చేప పాటులో ఆ దడిలో చిక్కుకునేది. సముద్రం అడుగున కూడా మంచినీటి ఊటలుండేవి. మునిగేవాళ్ళు తోలు తిత్తులతో అడుగుకు పోయి ఆ తీపి నీరు పట్టుకొచ్చేవారు.

అయితే ఈ పచ్చదనం అందరిదీ కాదు. తోట దున్నేవాడు ఒకడు, తోట గలవాడు మరొకడు. కౌలు భారం, తలపన్ను, వెట్టి అన్నీ గ్రామాల్లోని సాగుదారుల మీదనే పడేవి. 1922లో ఈ బాధలు భరించలేక వారు ఎదురు తిరిగారు. మనామా బజారు కొన్ని రోజులు మూతపడింది. 1923లో పాలనలో మార్పులు వచ్చాయి. పన్నుల పద్ధతి మారింది. తరువాత భూముల కొలత, నమోదు మొదలయింది. ఆ కొలతకు మన దేశం నుంచి సర్వేయర్లను రప్పించారన్నది మనకు ఆసక్తి కలిగించే సంగతి. ఊరి తిండి గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా బజారు దగ్గర మొదలుపెడతాం. కానీ బజారుకు ముందు నేల ఉన్నది, నేలకు ముందు నీరు ఉన్నది, వీటన్నిటి మీదా మాట చెల్లుబాటయ్యేవాడెవడన్న ప్రశ్న ఉన్నది. నీరు, నేల, బజారు, మాట, ఈ నాలుగూ గుర్తుపెట్టుకుంటే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది.

ఇక పురపాలక సంఘం సంగతి. మనామా మునిసిపాలిటీ 1919లో ఏర్పడింది. గల్ఫు తీరంలో ఇదే మొట్టమొదటిది. ముహర్రక్‌కు 1927లో వచ్చింది. అప్పటి మనామా చిన్న రేవుపట్టణం. వీధి ఊడ్పించడం, దీపం పెట్టించడం, కాపలా ఏర్పాటు చేయడం, ఇంటిపన్ను, అంగడి పన్ను వసూలు చేయడం, బజారును అదుపులో పెట్టడం దాని పనులు. ఈ చివరి పనే మన విషయం.

బజారును అదుపులో పెట్టడమంటే చిన్న మాట కాదు. మాంసం ఎక్కడ కొయ్యాలి, చేపలు ఎక్కడ అమ్మాలి, తూకపు రాళ్ళు సరిగా ఉన్నాయా లేదా, కుళ్ళిన సరుకును ఎవరు తీసి పారెయ్యాలి, దారిలో అంగడి పెట్టినవాణ్ణి ఎక్కడికి జరపాలి, ఇవన్నీ అందులోకే వస్తాయి. మనవైపు 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టం చూసినా మార్కెట్లు, కబేళాలు, లైసెన్సుల గురించి ఎన్నో నిబంధనలు కనిపిస్తాయి. నగరం అన్నప్పుడల్లా మనుషులు ముందుగా కట్టుకునే కట్టడి తిండి చుట్టూ కట్టేదే. కొనేవాడికి తూకం మీద నమ్మకం లేకపోతే పక్క తోటలో పండిన ముల్లంగి అయినా ఒకటే, పరదేశం నుంచి దిగిన డబ్బా అయినా ఒకటే. బజారులో నమ్మకం కలిగించడమే స్థానిక పాలన ఊరి తిండికి చేసే మొదటి మేలు.

ఆ పాత సభలో ఇంకొక విశేషం ఉన్నది. 1920లలో మనామా మునిసిపల్ సభలో కొందరిని ప్రభుత్వం నియమించేది, కొందరిని పట్టణంలోని వర్గాల వారు ఎన్నుకునేవారు. అరబ్బులతో పాటు పర్షియన్లకూ, యూదులకూ, హిందూ వర్తకులకూ అందులో ప్రాతినిధ్యం ఉండేది. ఈ హిందూ వర్తకులు సింధు ప్రాంతపు ఠట్టా నుంచి వచ్చినవారు. మనామా పాతబజారులోని శ్రీనాథ్‌జీ ఆలయం వారు 1817లో కట్టుకున్నదే. బియ్యం, బట్ట, ముత్యాల వ్యాపారాల్లో వారికి పలుకుబడి ఉండేది. అది ధనవంతుల సభే, కూలివాడికి అందులో కుర్చీ లేదు. అయినా బజారు నడిపే విషయంలో పరదేశం నుంచి వచ్చినవాడి మాట కూడా వినాలన్న సంగతి నూరేళ్ళ క్రిందట ఈ ఊళ్ళో ఎవరికీ వింతగా తోచలేదన్నది గమనించదగ్గది.

బజారు మునిసిపాలిటీ చేతిలో ఉన్నది. కానీ నీరూ నేలా దాని చేతిలో లేవు. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

1925లో ఫ్రాంక్ హోమ్స్ అనే న్యూజిలాండు దొర ఇక్కడ బోరుబావులు తవ్వి మంచినీరు పైకి తెచ్చాడు. ఆ మెప్పుతోనే ఆ ఏడాది చమురు వెతికే హక్కు సంపాదించాడు. చమురు కథ ఇక్కడ నీళ్ళ కథగా మొదలయిందన్నమాట. 1932లో జెబెల్ దుఖాన్ దగ్గర చమురు పడింది. గల్ఫుకు అరబ్బు వైపున మొదటి చమురు అదే. అప్పటికే ముత్యాల వ్యాపారం కుప్పకూలి ఉన్నది. చమురు వచ్చి జనాన్ని ఆదుకున్నమాట కాదనలేం. కానీ తోటల సంగతి వేరు. నెలజీతం ఇచ్చే పని దొరికినవాడు కౌలుకు తోట చేయడం ఎందుకు? మరోవైపు బోరుబావుల సంఖ్య ఏటేటా పెరిగింది. ఊట అంటే భూమి తనకు మిగిలినది పైకి పంపడం. బోరు అంటే మనిషి తనకు కావలసినది కిందనుంచి గుంజుకోవడం. గుంజుకొనేది ఎక్కువైన కొద్దీ పైకి వచ్చేది తగ్గింది. నేలలోపలి మంచినీటి ఒత్తిడి తగ్గేసరికి సముద్రపు ఉప్పునీరు ఆ చోటులోకి చొరబడింది. సిత్రా దీవిలో ఒకప్పుడు ఖర్జూరపు తోటలు, ఊటలు పేరుపొందినవి. ఇప్పుడు ఆ పేరు వినగానే మనకు గుర్తుకువచ్చేది చమురు ట్యాంకులూ, కరెంటు కేంద్రమూను. ఇరవయ్యో శతాబ్దం ముగిసేనాటికి అదారీ, కస్సారీ లాంటి పెద్ద ఊటలు సహజంగా పారడం మానేశాయి.

ఈ మధ్యలో యుద్ధం వచ్చింది. 1942లో బర్మా జపాను వశం కాగానే బర్మా బియ్యం ఆగిపోయింది. మన దేశంలోనే తిండికి కటకటలాడుతున్న రోజులు. 1943 బెంగాలు కరువు తెలిసిందే. మన రేవుల నుంచి వచ్చే బియ్యం మీద బతికే బహ్రెయిన్‌లో రేషను పద్ధతి తప్పలేదు. ఓడ ఆగిపోతే కంచం ఖాళీ అవుతుందన్న పాఠం ఈ దీవి అప్పుడే నేర్చుకున్నది. 2020లో కోవిడు వచ్చి విమానాలూ సరిహద్దులూ మూతపడ్డ రోజుల్లో మనమంతా దుకాణాల్లో అరలు చూసి లోలోపల బెదిరినవాళ్ళమే. పాత పాఠం మరొకసారి చదివినట్లయింది.

కొన్ని అంకెలు చూద్దాం. 1941లో మొదటి జనాభా లెక్కలు తీసినప్పుడు దీవుల్లో ఉన్నవారు 89,970 మంది. 1971లో, అంటే స్వతంత్రమైన ఏడాది, 2,16,078 మంది. 2020 లెక్కలో 15 లక్షలు దాటారు. సగానికి పైగా మనవంటి పరదేశీయులే. ఇంతమందికి ఈ చిన్న దీవి మీది పచ్చపట్టీ తిండి పెట్టగలదా అంటే పెట్టలేదు. ఎవరూ పెట్టమనడం లేదు కూడా. కానీ ఉన్న పట్టీ కూడా ఇళ్ళ కిందా రోడ్ల కిందా పోయింది. తోట ఎండితే భూమి ధర పెరుగుతుందన్న పరిస్థితి వచ్చాక తోటకు నీరు పెట్టేవాడు ఎవడు? బుదయ్యా రోడ్డు వెంట పాతకాలపు గోడల మీదుగా తొంగిచూస్తే కొన్ని చోట్ల మొండి ఖర్జూరపు మానులు తలలు లేకుండా నిలబడి కనిపిస్తాయి. నీరు పోయిన తోటకు అవే సమాధిరాళ్ళు.

1986 నవంబరులో సౌదీకి వంతెన తెరిచారు. అప్పటినుంచి లారీల మీద కూరగాయలు, పండ్లు దిగడం సులువయింది. ఇది కొనేవాడికి మేలు చేసింది, పండించేవాడికి పోటీ తెచ్చింది. సముద్రం సంగతీ అంతే. తుబ్లీ అఖాతంలో మడచెట్ల నీడన రొయ్యపిల్లలు పెరుగుతాయి. అఖాతాన్ని పూడ్చుకుంటూ వస్తే పెరిగే చోటు తరుగుతుంది. 1997లో దాన్ని అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రాంసర్ జాబితాలో చేర్చారు. ఏటా కొన్ని నెలలు రొయ్యల వేటకు విరామం ఇస్తున్నారు. చేపల దుకాణంలో ధర ఎందుకు పెరిగిందో తెలుసుకోవాలంటే దుకాణదారుణ్ణి కాదు, అఖాతాన్ని అడగాలి.

మరి ఈ కాలమంతా ఊరి మాట వినిపించే సభ ఏమయింది? 1950ల రాజకీయ కల్లోలం తరువాత మునిసిపల్ ఎన్నికలు ఆగిపోయాయి. తోటలు, ఊటలు, తీరాలు వేగంగా మారిపోయిన ఆ దశాబ్దాల్లోనే ఎన్నికైన ఊరి సభ లేకపోవడం చరిత్రలోని విషాదమని మా అభిప్రాయం. సభ ఉంటే తోటలు మిగిలేవని చెప్పలేం. కనీసం అడిగేవాడు ఉండేవాడు. తిరిగి 2002 మే నెలలో మునిసిపల్ ఎన్నికలు జరిగాయి. స్త్రీలు కూడా ఓటు వేశారు. ఇక్కడ ఇల్లో స్థలమో సొంతంగా ఉన్న విదేశీయులకు కూడా ఆ ఎన్నికల్లో ఓటుకు అవకాశం కల్పించారు. 1920ల నాటి వర్తకుల సభ నీడ అందులో కొంత కనిపిస్తుంది: ఆస్తి ఉన్నవాడికి మాట ఉన్నది, జీతగాడికి లేదు. 2014లో మనామాకు మళ్ళీ ఎన్నికల సభ తీసివేసి నియమితులతో కూడిన మండలిని ఏర్పాటు చేశారు. మిగతా మూడు గవర్నరేట్లలో ఎన్నికల సభలు సాగుతున్నాయి.

ఇంత చెప్పాక చరిత్ర అంతా పోగొట్టుకోవడమే అనిపించవచ్చు. కాదు. తిరిగి పట్టుకునే ప్రయత్నమూ ఉన్నది, అది స్థానిక పాలన వైపు నుంచే వచ్చింది.

1982లో తుబ్లీలో మురుగునీరు శుద్ధిచేసే కేంద్రం పెట్టారు. పట్టణం వాడి పారేసిన నీటిని బాగుచేసి పొలాలకూ, రోడ్ల పక్క చెట్లకూ మళ్ళించడం ఆ తరువాత పెరుగుతూ వచ్చింది. ఊట పోయిన చోట ఊరే ఊట అయిందన్నమాట. ఇక్కడ మనకు నచ్చిన మరొక ఏర్పాటు, పురపాలక వ్యవహారాలనూ వ్యవసాయాన్నీ ఒకే మంత్రిత్వశాఖ కింద ఉంచడం. మనవైపు పురపాలక శాఖ ఒకటి, వ్యవసాయ శాఖ ఒకటి, మార్కెటింగు మరొకటి. ఒకదాని ఫైలు ఇంకొకదానికి చేరేసరికి వంకాయ ముదిరిపోతుంది. చిన్న దీవిలో పొలం ఊరిలోనే ఉంటుంది కనుక రెంటికీ ఒకే గొడుగు పట్టడం సబబే.

2010లో వ్యవసాయాభివృద్ధికి జాతీయ కార్యక్రమం మొదలయింది. 2012 నుంచి బుదయ్యా ఉద్యానవనంలో రైతుల సంత నడుస్తున్నది. కోవిడు కాలంలో ఆగి, తిరిగి సాగింది. చలికాలపు శనివారాల్లో ఉదయం పూట స్థానిక రైతులు తమ సరుకు తామే తెచ్చి అమ్ముతారు. చూడని వాళ్ళు తప్పక చూడవలసిన సంత అది. టమాటాలు, దోసకాయలు, వంకాయలు, కాలీఫ్లవరు, కట్టలు కట్టలుగా ముల్లంగి, కొత్తిమీర, మెంతికూర ఉంటాయి. ఇక్కడివాళ్ళు 'బర్బీర్' అని పిలిచేది చేతిలోకి తీసుకుని చూస్తే మన గంగపాయల కూరే. పప్పులో వేసుకుంటే ఊరి రుచే. వాళ్ళ 'కనార్' మన రేగుపండు. వాళ్ళ 'బంబర్' మన బంక నక్కెర. వాళ్ళ 'లోజ్' మన వీధి బడుల ఆవరణలో పిల్లలు రాళ్ళు విసిరి కొట్టే బాదంకాయ. సముద్రం దాటివచ్చి కొత్త దేశంలో ఉన్నామనుకుంటాం. ఆకుల్నీ కాయల్నీ అడిగితే ఈ రాకపోకలు మనకంటే చాలా ముందే జరిగాయని చెబుతాయి.

ఈ సంతను చూసిన తెలుగువాడికి రైతుబజారు గుర్తుకు రాక మానదు. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతే అమ్ముకోవాలి. టోకు ధరకంటే కొంత ఎక్కువ రైతుకు దక్కాలి, చిల్లర ధరకంటే కొంత తక్కువకు కొనేవాడికి అందాలి. ఇదీ దాని సూత్రం. రైతుకు గుర్తింపు కార్డు, ప్రతి బజారుకు ఒక ఎస్టేటు ఆఫీసరు, పొద్దున్నే ధరల పలక. రైతు పేరుతో వ్యాపారులు దూరుతున్నారన్న ఫిర్యాదులు మొదటినుంచీ ఉన్నాయి. అయినా పాతికేళ్ళు దాటినా జనం సంచీలు పట్టుకుని వెళుతూనే ఉన్నారు. కారణం ఏమిటి? అది ఊరి మధ్యన ఉన్నది. రోజూ ఉన్నది. ధర పలక మీద ఉన్నది. పేదవాడు కూడా సిగ్గుపడకుండా పావుకిలో అడగగలడు.

ఈ నాలుగు గుణాలతో బుదయ్యా సంతను పోల్చి చూస్తే దాని గొప్పా, దాని కొరతా రెండూ తెలుస్తాయి. అక్కడ సరుకు నిజంగా స్థానికం. రైతును ముఖాముఖి చూస్తాం. పిల్లలకు మట్టి వాసన తెలుస్తుంది. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. కానీ వారానికి ఒక్క పూట, ఏడాదికి కొన్ని నెలలు, అదీ శనివారం. 2006లో ఇక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలకు మారిందని మనకు తెలుసు. అయితే ఆ రెండు రోజుల సెలవు ఎవరికి? ఆఫీసుల్లో ఉన్నవాళ్ళకు. కట్టడాల మీదా, గరాజుల్లోనూ, ఇళ్ళల్లోనూ పనిచేసే మన కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల వారిలో అత్యధికులకు వారానికి సెలవు ఒక్క శుక్రవారమే. శనివారం పొద్దున సంత జరుగుతున్న వేళకు వాళ్ళు పనిలో ఉంటారు. కారు లేనివాడు బుదయ్యా దాకా పోవడమూ కష్టమే. ఆ పొలాల్లో నారు పోసి, కలుపు తీసి, కట్టలు కట్టేవారిలోనూ మన ఉపఖండం నుంచి వచ్చిన కూలీలే ఎక్కువ. పండించిన చేతికి ఆ పంట అందకపోతే అదారీ సామెత మరొక రూపంలో తిరిగి వచ్చినట్లే కదా!

గదికి ఎనిమిదిమంది చొప్పున ఉండి, పొద్దున నాలుగింటికి లేచి వంట చేసుకుని డబ్బా కట్టుకుపోయే మనిషి ఏం తింటాడు? బియ్యం, బంగాళాదుంప, ఉల్లి, గుడ్డు, చవకరకం కోడి. ఆకుకూర అతని వంటలో ఉండదు. అది తాజాగా దొరకాలి, దొరికినా రోజూ కొనాలి. 2015 అక్టోబరులో మాంసం మీది రాయితీ ఎత్తివేసినప్పుడు పౌరులకు బదులుగా నగదు ఇచ్చారు. పరదేశీయుడికి పెరిగిన ధర మాత్రమే మిగిలింది. ఒక దేశం తన పౌరులను ముందుగా చూసుకోవడం తప్పని మేము అనడం లేదు. జబ్బుకు మాత్రం పౌరసత్వం తెలియదు. చక్కెర జబ్బు, రక్తపోటు మనవాళ్ళను ముప్పయ్యేళ్ళకే పట్టుకోవడం మనందరికీ తెలిసిన సంగతే.

నగర పాలన తలచుకుంటే ఇలాంటి చిక్కులు తీర్చలేదా? తీర్చిన ఉదాహరణ ప్రపంచంలో ఉన్నది. బ్రెజిల్‌లోని బెలో హొరిజొంటె నగరం 1993లో తిండి అందుబాటు కోసమే మునిసిపాలిటీలో ప్రత్యేక విభాగం పెట్టింది. చుట్టుపక్కల రైతులకు నగరం నడిబొడ్డున అమ్ముకునే చోట్లు ఇచ్చింది. నగరం సొంతంగా భోజనశాలలు నడిపి తక్కువ ధరకు పూట భోజనం పెట్టింది. అక్కడ ధనికుడూ పేదవాడూ ఒకే వరుసలో నిలబడతారు. ఆ ఊరివాళ్ళు పెట్టుకున్న మొదటి సూత్రం, తిండి దొరకడం పౌరుడి హక్కు అన్నది. మిగతాదంతా ఏర్పాటే.

బహ్రెయిన్‌కు అటువంటి కొత్త విభాగం కూడా అక్కరలేదు. ఉన్నవాటినే కాస్త ఇటు తిప్పితే చాలునని మాకు తోస్తున్నది. సెంట్రల్ మార్కెట్టు పురపాలక సంఘానిదే. అందులో స్థానిక పంటకు వేరే వరుస కేటాయించి, "ఇది ఇక్కడ పండినది" అని అరబ్బీలోనూ, ఇంగ్లీషులోనూ, హిందీలోనూ పలక పెట్టవచ్చు. చలికాలంలో శుక్రవారం సాయంత్రం మనామా నడుమ, బాబ్ అల్ బహ్రెయిన్ చుట్టుపక్కల, కొద్దిపాటి సంత జరపవచ్చు. ఆ రోజు ఆ ప్రాంతమంతా మనవాళ్ళతో కిటకిటలాడుతుంది. కొనేవాళ్ళను వెతుక్కోవలసిన పని లేదు. శుద్ధిచేసిన నీరు అందే పొలాన్ని ఇళ్ళస్థలాలుగా మార్చేముందు మునిసిపల్ సభలో చర్చ జరగాలన్న నియమం పెట్టుకోవచ్చు. నీరు, నేల, బజారు, మూడూ ఒకే గొడుగు కింద ఉన్న దేశంలో ఇవి అసాధ్యం కావు. నాలుగవది, అంటే మాట, ఎవరిది వినాలన్నదే మిగిలిన ప్రశ్న.

ఓటు లేనివాడికి మాట లేదని కూర్చోవడం మన పద్ధతి కాకూడదు. మర్యాదగా ఒక అర్జీ రాసుకోవడానికి ఓటు అవసరం లేదు. నూరేళ్ళ క్రిందట ఠట్టా వర్తకులు ఈ ఊరి సభలో బజారు గురించి మాట్లాడారు. వారికి ముత్యాలూ, గోదాములూ ఉండేవి కనుక వారి మాట విన్నారు. మనకు అవి లేవు, సంఖ్య ఉన్నది. కొనే చెయ్యి ఉన్నది. వంకాయ కొనేటప్పుడు "ఇక్కడిదేనా?" అని ఒక్క మాట అడగడం కూడా ఒక రకం ఓటే. వందమంది అడిగితే దుకాణదారు తెప్పిస్తాడు. వెయ్యిమంది అడిగితే రైతు మరో మడి వేస్తాడు. సొంత కారున్నవాళ్ళు శనివారం బుదయ్యా పోయినప్పుడు పక్క క్యాంపులోని నలుగురి కోసం నాలుగు కట్టల బర్బీర్ అదనంగా తెచ్చినా చాలు. మన సంఘం పెద్ద తీర్మానాలు చేసినంత పని జరుగుతుంది.

అదారీ ఊటను తిరిగి పారించడం మన చేతిలో లేదు, బహుశా ఎవరి చేతిలోనూ లేదు. ఆ ఊట నీరు దగ్గరి పొలానికి పారకపోవడం దాని తప్పు కాదు, కాలువ తవ్వినవాడు అటు తవ్వాడు. ఇవాళ పట్టణం వాడిన నీరు పొలానికి పోతున్నది. పొలంలో పండినది సంతకు వస్తున్నది. ఇక మిగిలినది, ఆ కాలువను సంతనుంచి కూలివాడి గిన్నెదాకా తవ్వడమే. అది గడ్డపారతో తవ్వేది కాదు. నిబంధనలతో, వేళలతో, కొంత దయతో తవ్వేది. పురపాలక సంఘాలు పుట్టింది అలాంటి కాలువలు తవ్వడానికే.